రేపల్లె అక్కయ్య సొర

పోయిన మంగళవారం పొద్దున నాకు రేపల్లె అక్కయ్య దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. తెరిస్తే, “మా పెద్దమ్మ ఆదివారం పోయారు. ఈ గ్రూపువాళ్ళందరికీ చెప్పమని ముందే నాతో అని ఉంచారు” అని ఉంది. ఆవిడ మెయిల్లోంచే ఆవిడ చెల్లెలి కూతురు రాసిందన్నమాట.

మధ్యాహ్నానికి పదకొండు జవాబులొచ్చాయి. పదకొండింట్లోనూ మూడంటే మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఆర్, ఐ, పి. గులాబీకి పేనుబంక పట్టిందని ఇరవై లైన్లు ఏడ్చినవాళ్ళే, ఆవిడ దగ్గర సలహా పుచ్చుకుని మొక్క బతికించుకున్నవాళ్ళే, మనిషి పోతే మూడక్షరాలు కొట్టి మళ్ళీ కుండీల ఫోటోల్లోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. డాబా మీదికి ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. రెండోసారి దిగుతుంటే తెలిసింది, మండిపడే హక్కు ఆ గుంపులో అందరికంటే తక్కువ ఉన్నది నాకేనని. ఆవిడ విత్తనానికి చెడ్డపేరు రావడానికి కారణం నేను. ఆ పేరు కడగగలిగినవాణ్ణీ నేనే. రెండేళ్ళపాటు కడగలేదు.

రెండువేలు దాటిన కొత్తలో, ఊళ్ళల్లో ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి లేచినప్పుడు, బాపట్లలో రిటైరైన ఒక బ్యాంకు మేనేజరుగారు ఈ గ్రూపు పెట్టారు. డాబాల మీద మొక్కలు పెంచేవాళ్ళు, చేతిపనులు చేసేవాళ్ళు అందులో ఉండేవారు. ఒకరు రాస్తే అందరికీ వెళుతుంది. నేను తెనాలిలో ముప్పై ఏళ్ళు ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ని. మూడో తరగతిలో బడి మానేశాను. నాకొచ్చిన చదువంతా ప్రూఫుల్లోంచి వచ్చిందే. సీసం పోయి కంప్యూటర్లొచ్చినప్పుడు, నా వయసులో సగం కూడా లేనివాళ్ళు నవ్వుతుంటే పక్కన నిలబడి అదీ నేర్చుకున్నాను. గ్రూపులో నన్ను ‘తెనాలి బాబాయి’ అనేవారు.

మిగతావాళ్ళంతా తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవారు. అది చూస్తే నాకు కంపరం. అలా రాసినవి చదవనని ప్రకటించాను. పైకి అలా అన్నా, పొట్టివి చదివేసేవాణ్ణి, పొడుగువైతే నా పేరు ఎక్కడుందో వెతుక్కుని ఆ ముక్క మాత్రం చదివేవాణ్ణి. నేను రాయడం మాత్రం తెలుగు లిపిలోనే. అప్పట్లో చాలా కంప్యూటర్లలో తెలుగు ఫాంటు ఉండేది కాదు. నేను ఏరి ఏరి పేర్చిన అక్షరాలు వాళ్ళకి ఖాళీ గళ్ళుగా కనిపించేవట. ఆ సంగతి ఫోను చేసి మరీ చెప్పింది ఆవిడే.

“అన్నయ్యగారూ, లైన్లో ఉన్నారా? మీరు రాసింది వచ్చిందండీ. అన్నీ గళ్ళే. అడ్డం, నిలువు ఆధారాలు కూడా పంపారంటే కూర్చుని నింపుకుంటాం.”

“మీ కంప్యూటరు బాగుచేయించుకోండి” అన్నాను.

“కంప్యూటరు సెంటరు వాళ్ళదండీ. కాస్త మీరే దిగిరావాలి.”

“దిగను.”

“సరే, అక్కడే ఉండండి. పైన గాలి బాగా వస్తుంది” అని పెట్టేసింది.

నాకంటే పదేళ్ళు చిన్నది. అయినా అందరితోపాటు నేనూ ‘అక్కయ్యగారూ’ అనే పిలిచేవాణ్ణి. ఆ గొంతు అలాంటిది.

ఆవిడ రేపల్లె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. మనుషుల్ని కలిపే పని మిషన్లు తీసేసుకున్నాక ఇంటికొచ్చేసింది. పని పోయినా పనివాటం పోలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే ఎడమ చెవి మీద అరచెయ్యి ఆనించి వినేది. మూడు నిమిషాలు దాటితే మాట తెగ్గొట్టేది, ఎదురుగా కూర్చున్న మనిషిదైనా సరే. గింజ వేసి మొలక రాకపోతే “రింగవుతోందండీ, ఇంకా ఎత్తలేదు” అని రాసేది. పూతకి రాని మొక్క ‘ఎంగేజ్’. చచ్చిపోయింది ‘డెడ్’. ఒకావిడ మల్లెకి తెగులొచ్చిందని రాస్తే, ఆ తెగులు వదిలించిన మనిషి ఏ ఊళ్ళో ఉన్నాడో ఈవిడకి గుర్తుండేది. ఇద్దరినీ కలిపి, “మీరూ మీరూ మాట్లాడుకోండి” అని తను తప్పుకునేది. మల్లె బతికిందో లేదో మాత్రం నెల తర్వాత ఆరా తీసేది.

సెంటరుకి వారానికి రెండుసార్లే వెళ్ళేది. వెళ్ళేముందు ఎవరికేం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకుని, కొట్టినదాన్ని కొట్టినట్టు గీటు పెట్టుకుంటూ పోయేది. చేతిలో ఎప్పుడూ క్రోషా సూది. నిలబడి కూడా అల్లేది. రేపల్లె సెంటర్లో తను కూర్చునే కంప్యూటరుకి అంచుల్లో చేమంతులు వచ్చేలా ఒక కవరు అల్లి తొడిగిందట. సెంటరాయన సిగ్గుపడి తీసేస్తే, మర్నాడు ఇంకోటి పట్టుకెళ్ళిందట.

విత్తనాలు పోస్టులో పంపేది కాదు. “పోస్టాఫీసులో ముద్ర గుద్దుతారండీ, గింజ నడుం విరుగుతుంది” అనేది. అందుకని మా కవర్లన్నీ చేతుల మీదుగానే తిరిగేవి. రేపల్లె ప్యాసింజర్లో రోజూ తెనాలి వచ్చే లెక్చరరు ఒకాయన తెచ్చి మా సెంటర్లో ఇచ్చేవాడు. అక్కణ్ణుంచి బాపట్ల వెళ్ళేవాళ్ళెవరన్నా ఉంటే, మేనేజరుగారి వీధిలో మందుల షాపుకి చేరేది. కవరు మీద చిరునామా గానీ పంపినవాళ్ళ పేరు గానీ ఉండదు, గింజ పేరు ఉంటుంది. ఆ పేరుకి గ్రూపులో ఒక పద్ధతి. ఎన్ని చేతులు మారినా, మొదట ఇచ్చినవాళ్ళ ఊరూ వరసా మారకూడదు. దుగ్గిరాల పిన్ని చిక్కుడు. బాపట్ల మేనేజరుగారి వంగ. రేపల్లె అక్కయ్య సొర.

ఆ సొర పొట్టిగా, మెడ లేకుండా, లేత పచ్చగా ఉండేది. పులుసులో ముక్క చెదిరేది కాదు, నోట్లో పెట్టుకుంటే మాత్రం నమలాల్సిన పనిలేదు. దానికోసం అడిగి అడిగి ఆర్నెల్లు ఎదురుచూసినవాళ్ళున్నారు. ఇంట్లో ఇన్ని మొక్కలున్నా ఆవిడ ముఖం వెలిగేది ఆ కవరు ఇచ్చేటప్పుడే.

నాకు స్వయంగా తెచ్చి ఇచ్చింది. తెనాలి స్టేషన్లో దిగింది, చంకలో తడిగోనెలో చుట్టిన మొక్కలు. నేను నమస్కారం పెట్టాను. ఆవిడ ముఖం చూడలేదు, నా గోళ్ళు చూసింది.

“మట్టి ఉంది. మీరే. పదండి” అంది.

ఇంటికొస్తే మా ఆవిడ వీధి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. ఈవిడ ఒక నవ్వు నవ్వి, పక్కనించి నేరుగా మెట్లెక్కేసింది. పాపం మా ఆవిడ గ్లాసుతో వెనకాలే ఎక్కింది. పైన ఏ మొక్కనీ ‘బాగుంది’ అనలేదు. ఒక్కో ఆకునీ తిరగేసి అడుగు చూస్తూ పోయింది. “పైన అందరూ బాగానే ఉంటారండీ” అంది. వెళ్ళేటప్పుడు బొడ్లోంచి చిన్న గుడ్డముడి తీసి నా చేతిలో పెట్టింది. ఆరు సొరగింజలు.

“థాంక్సండీ” అన్నాను.

“అనకండి, మొలవదు. ఎలా పెంచాలో, విత్తనం ఎలా తియ్యాలో గ్రూపులో రాస్తాను, అందరికీ పనికొస్తుంది. చూసుకోండి.”

రాసింది. ఇంగ్లీషు అక్షరాల్లో రెండు పేజీలు. అందులో నా పేరు లేదు. నేను చదవలేదు.

అదే ఏడు నేను సొరబుర్రలతో దీపాలు చెయ్యడం మొదలుపెట్టాను. పిట్టలవానిపాలెంలో కల్లుగీసే ఒకాయన బుర్రల సొరగింజలు ఇచ్చాడు. గట్టి పెంకు, తినడానికి పనికిరాని చేదు. కాయ ఎండాక లోపల గుల్ల చేసి, పెంకుకి సన్నగా చిల్లులు పొడిచి, లోపల బల్బు పెడితే గోడంతా చుక్కలు పడతాయి. చిల్లులు అడ్డదిడ్డంగా కాదు, నేను పేజీ కట్టే లెక్కలో పొడిచేవాణ్ణి. ఫోటోలు పెట్టాను. ఏం పొగిడారండీ! లెక్చరర్లు, డాక్టర్లు, బ్యాంకువాళ్ళు. వాళ్ళందరి పుస్తకాలూ జీవితమంతా పేర్చినవాణ్ణి, ఒక్కడంటే ఒక్కడు నా ముఖం చూసి నీ పని బాగుందన్న పాపాన పోలేదు. బాపట్లలో గ్రూపువాళ్ళంతా కలిసే రోజున ఈ దీపాలే వెలిగించాలని మేనేజరుగారు పట్టుబట్టారు. నాకు అరవై ఎనిమిదేళ్ళప్పుడు కొత్తగా నడకొచ్చినట్టు ఉండేది.

అక్కయ్యగారి సొర కూడా విరగకాసింది. తిన్నాం, పంచాం. ముదిరిన కాయల్లోంచి గింజలు తీసి, ఎండబెట్టి, పద్ధతి ప్రకారం కవరు మీద ‘రేపల్లె అక్కయ్య సొర’ అని గుండ్రంగా రాసి మేనేజరుగారికి పంపాను.

వేసవి మొదట్లో ఆయన దగ్గర్నుంచి గ్రూపంతటికీ ఉత్తరం వచ్చింది. ఆ సొర కాపుకొచ్చిందట. వాళ్ళావిడ తొలికాయ అని మురిసిపోతూ పెరుగుపచ్చడి చేసిందట. తినేవాళ్ళంతా ఉమ్మేశారు. ఆవిడ మాత్రం పారెయ్యడానికి మనసొప్పక రెండు ముద్దలు మింగింది. సాయంత్రానికి వాంతులు, ఆస్పత్రి, రెండు సెలైను సీసాలు. ‘రేపల్లె విత్తనాలు ఎవరి దగ్గరున్నా పారెయ్యండి. ఇకనుంచి ఆ విత్తనం ఈ జాబితాలో ఉండదు’ అని ముగించారు. ఆయన్ని తప్పుపట్టను. పెళ్ళాం మంచాన పడితే ఎవరైనా అలాగే రాస్తారు.

ఇంకేముంది, ఒకరి తర్వాత ఒకరు. నేనూ పారేశాను, నేనూ పారేశాను. సొర ఒక్కటే కాదు, అక్కయ్యగారిచ్చిన బీర, పొట్ల, కాకర కూడా. నేను మాత్రం తక్కువ తిన్నానా? ‘పేరు చూసి మోసపోకూడదు’ అని ఒక పెద్ద ఉత్తరం రాశాను. నయం, అవన్నీ గళ్ళే.

ఆవిడ ఒక్క లైను రాసింది: “నా పేరు మీద వెళ్ళిన గింజకి బాధ్యత నాదే. మేనేజరుగారు, అమ్మగారు క్షమించాలి.” మేనేజరుగారికి ఆ గింజ తను పంపలేదని ఆవిడకి తెలుసు. ఆ ముక్క రాయలేదు.

వారం తిరక్కుండా తెనాలి వచ్చింది, చెప్పకుండా. గుమ్మంలో మా ఆవిడ క్షేమం అడిగింది. కుర్చీలో కూర్చుంది. మంచినీళ్ళు తాగింది.

“పైకి వెళదామా అన్నయ్యగారూ?”

ఎప్పుడూ అడిగి ఎరగదు.

పైన పాత పందిరి తియ్యకుండా అలాగే ఉంచాను. తీగలు ఎండిపోయి కొయ్యలకి చుట్టుకుని ఉన్నాయి. ఆవిడ వంగి, పక్కపక్క కుండీల్లోంచి లేచిన రెండు తీగల్నీ రెండు చేతుల వేళ్ళతో పట్టుకుని, పైదాకా వెళ్ళింది, ఏ వైరు ఎక్కడ కలిసిందో చూసేదానిలాగా. ఒకదాని చివర ఎండిన బుర్ర వేలాడుతోంది.

“ఇది నాది. మరి ఇదెవరిది?”

“అది బుర్రల సొర. దీపాలకి వేశాను. ఫోటోల్లో చూశారుగా.”

“చూశానండీ. చూసే వచ్చాను. రెండూ ఒకే పందిరి మీద పాకిచ్చారు.”

“మరి చోటేదీ? ఇదేమన్నా ఎకరమా?” నా గొంతు లేస్తోంది. “మీ తీగ కాయలు మేం తిన్నామండీ. అమృతంలా ఉన్నాయి. ఒక్కటన్నా చేదుందా? ఏమే, నువ్వు చెప్పు, ఉందా?” అని కింద ఉన్న మా ఆవిడని సాక్ష్యానికి పిలిచాను.

“కాయ నా తీగది కాబట్టి తియ్యగానే ఉంటుంది. లోపలి గింజకి తండ్రెవరో కాయకేం తెలుసండీ? సాయంత్రం విచ్చుకునే పువ్వులివి. పురుగు ఆ పువ్వు మీద వాలి, వచ్చి ఈ పువ్వు మీద వాలుతుంది. మీ దీపం, నా పులుసు, దానికి తేడా ఉందా?” ఆగి, “దారం కట్టారా?” అంది.

“ఏ దారం?”

చెవి మీదికి వెళ్ళబోయిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

“రాశాను కదండీ. ఆడమొగ్గ విచ్చుకోకముందే మూతి దారంతో కట్టెయ్యాలి. సాయంత్రం విప్పి, అదే తీగ మగపువ్వు తెచ్చి అద్ది, మళ్ళీ కట్టాలి. ఆ ఒక్క కాయే విత్తనానికి ఉంచాలి, మిగతావి తినెయ్యాలి. పదిహేనేళ్ళ నుంచి అలాగే కాపాడుకొస్తున్నాను. రెండు పేజీలు రాశాను. మీరు చదవలేదా?”

నేను పందిరి మీది ఎండాకులు తుంచడం మొదలుపెట్టాను. ఆవిడకి అర్థమైంది. ఎందుకు చదవలేదో కూడా అర్థమైంది. పిట్టగోడకి ఆనుకుని నిలబడింది. చేతిలో క్రోషా సూది ఉంది కానీ అల్లడం లేదు.

“నాకేదో అయిపోయిందని రాలేదండీ. నా గింజలన్నీ పారేస్తున్నారు. వాటిదేం తప్పుంది? నేను చెప్పానంటే మీరు గ్రూపులోంచి లేచిపోతారు, నాకు తెలుసు మీ సంగతి. అందుకని మీరే చెప్పండి.”

“చెబుతాను” అన్నాను.

చెప్పాను కూడా. మర్నాడు సెంటరుకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు, ఒక్క ముక్క దాచకుండా రాశాను. తెలుగు లిపిలో రాశాను.

అలవాటు కొద్దీ అలా రాశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. మీట నొక్కేముందు నాకు తెలుసు, ఇది అవతల గళ్ళుగా పడుతుందని. ఒప్పుకున్నట్టూ ఉంటుంది, ఎవరికీ తెలియకుండానూ ఉంటుంది. బాపట్లలో దీపాలు వెలిగించే రోజు అప్పటికి పది రోజుల్లో ఉంది.

వారానికి ఫోనొచ్చింది.

“లైన్లో ఉన్నారా?”

“ఉన్నాను.”

“చదివానండీ. గుంటూరెళ్ళినప్పుడు ఫాంటు ఉన్నచోట తెరిపించుకుని చదివాను. ఎంత బాగా రాశారు! ఒక్క తప్పు లేదు. మిగతావాళ్ళు నన్నడుగుతున్నారు, బాబాయిగారు ఏం పంపారో మీకేమన్నా కనపడిందా అని. ఏం చెప్పమంటారు?”

“నేనే మళ్ళీ పంపుతాను. వాళ్ళకి కనపడేలాగా.”

“సరేనండీ.”

బాపట్లలో దీపాలు వెలిగాయి. డాబా నిండా చుక్కలు. ఆవిడ రాలేదు. అక్కడే చెబుదామనుకున్నాను. ఎవరో నా చెయ్యి పట్టుకుని “ఇవన్నీ చేసింది ఈ చెయ్యేనా బాబాయిగారూ” అన్నారు. చెప్పలేదు. తర్వాత వానలొచ్చాయి, తర్వాత మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, తర్వాత ఇప్పుడెందుకులే. ఇలాంటివాటికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు, వాటంతటవే వచ్చి వరసలో నిలబడతాయి.

ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. గ్రూపు మానలేదు. క్రోషా డిజైన్లు అడిగితే ఓపిగ్గా చెప్పేది. తెగుళ్ళకి మందు చెప్పేది. వాళ్ళనీ వీళ్ళనీ కలిపేది. కానీ విత్తనాలు పంచుకునే కాలం వచ్చి, “ఎవరి దగ్గర ఏమున్నాయి?” అని మేనేజరుగారు అడిగినప్పుడు, అందరూ రాసేవారు, ఆవిడ రాసేది కాదు. ఆవిణ్ణి అడిగినవాళ్ళూ లేరు. రెండేళ్ళు, రెండు కాపులు. ఆ గింజలన్నీ ఏం చేసుకుందో నాకు తెలీదు. విత్తనాలు పంచుకునే ఆ వారం రోజులూ నేను కంప్యూటరు ముందు కూర్చుని, లేచి, కూర్చుని, ఏదో ఒక సాకుతో బజారుకి పోయేవాణ్ణి.

మొన్న మంగళవారం, ఆ పదకొండు జవాబుల కింద, నేను రాశాను. ఇప్పుడు చాలామందికి తెలుగు కనిపిస్తుందట. ఏ ఒక్కరికీ గళ్ళు పడకూడదని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేసరికి రెండు గంటలు పట్టింది.

మేనేజరుగారు ఫోను చేశారు.

“రెండేళ్ళయ్యాక చెబుతున్నారా బాబాయిగారూ?”

“అవునండీ.”

“మా ఆవిడ ఇప్పటికీ సొరకాయ గడప తొక్కనివ్వదు. నేను ఆ అక్కయ్యగారికి మళ్ళీ ఒక్క ముక్క రాయలేదు, తెలుసా మీకు? ఆవిడ క్షమించమంటే కూడా జవాబివ్వలేదు.”

“తెలుసండీ.”

“ఏం మనిషండీ మీరు!” అని పెట్టేశారు. అది న్యాయమైన మాట.

సాయంత్రం దుగ్గిరాల పిన్ని రాసింది.

“బాబాయిగారూ, మీకో సంగతి చెప్పాలి. నేను ఆ గింజలు పారెయ్యలేదండీ. నాకు ఆవిడ తన చేత్తో ఇచ్చినవి, చేదు రాలేదు. ఆవిడ చెప్పినట్టే దారం కట్టి ఏటా విత్తనం తీస్తున్నాను. మేనేజరుగారు వద్దన్నారని కవరు మీద పేరు మాత్రం కొట్టేసి ఉత్త ‘సొర’ అని రాసుకున్నాను, నాకూ సిగ్గుగానే ఉంది. ఇప్పుడందరికీ పంచుతాను. ఈసారి ఊరూ వరసా కాదు, ఆవిడ పేరే పూర్తిగా రాద్దామని ఉంది. ఇంతకీ ఆవిడ పేరేంటండీ?”

నేను జవాబు కొట్టడానికి చేతులు మీటల మీద పెట్టాను.

నలభై ఏళ్ళ కిందట ఏ పుస్తకంలో ఏ పేజీలో ఏ అక్షరం తల్లకిందులుగా పడిందో ఇప్పటికీ చెప్పగలను. ఆవిడ పేరు నాకు తెలీదు. నా ఫోను పుస్తకంలో ‘రేపల్లె’ అని ఉంది. మెయిల్లో ‘రేపల్లె అక్కయ్య’ అని ఉంది. మేనేజరుగారికి ఫోను చేస్తే, కోపం దిగకుండానే, “అక్కయ్యగారనే కదండీ అందరం అనేది” అన్నారు. ప్యాసింజర్లో కవర్లు మోసిన లెక్చరరుకీ తెలీదు. ఆవిడ ప్లాట్‌ఫారం మీదికొచ్చి ఇచ్చేదట, ఈయన పుచ్చుకునేవాడట.

ఆ చెల్లెలి కూతుర్ని మెయిల్లో అడిగితే ఒక్క మాటలో చెబుతుంది. అడగను. రేపు పొద్దున్నే రేపల్లె ప్యాసింజరెక్కుతాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర వాకబు చేస్తే ఆపరేటరుగారిల్లు ఎవరైనా చూపిస్తారు. ఆ గుమ్మంలో నిలబడి, నేనెవరో, ఏం చేశానో ముందు చెబుతాను. అదంతా విన్నాక కూడా ఆ అమ్మాయి తలుపు వెయ్యకపోతే, అప్పుడు అడుగుతాను.